పెరిగిన కూలి ఎవరి జేబులోంచి వస్తోంది?

మీ పోస్టులో మూడు ప్రశ్నలున్నాయి. కూలీల కొరత, కూలి రేట్ల పెరుగుదల కలిసి ఆర్థిక వ్యవస్థను మాంద్యంలోకి దించుతాయని ఎక్కడో చదివారు, అది నిజమేనా? నిజమైతే కూలి రేట్లకు ప్రభుత్వం కళ్లెం వేయాలా? మీ నాన్నగారు సొంత రెండెకరాలకు తోడు మూడెకరాలు కౌలుకు చేస్తున్నారు, ఊడ్పులకు మనుషులు దొరక్క టెన్షన్ పడుతున్నారు, ఈ ఏడు ఆ కౌలు వదిలేయమని చెప్పాలా?

నేను గ్రామీణ బ్రాంచీల్లో ముప్పై ఏళ్లకు పైగా పంట రుణాలు చూసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం గోదావరి జిల్లాల్లోనే పనిచేశాను. అర్థశాస్త్రం ఎంఏలో చదువుకున్నదే అయినా, మీరడిగిన విషయం నాకు కళ్లకు కట్టింది మాత్రం 2011లో, కోనసీమలో. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ ఏడాది సార్వాకు, అంటే ఖరీఫ్ వరికి, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, ముమ్మిడివరం వైపు మండలాల్లో దాదాపు 90 వేల ఎకరాలు నాటకుండా వదిలేశారు. జూలైలో నేను రికవరీ పని మీద మోటార్ సైకిల్ మీద తిరుగుతుంటే కాలవలో నీళ్లు నిండుగా పారుతున్నాయి, పక్కనే పొలంలో తుంగ మోకాలెత్తు పెరిగి గేదెలు మేస్తున్నాయి. నీళ్లు లేక బీడు పెట్టడం చూశాను గానీ నీళ్లుండి బీడు పెట్టడం నాకు అదే మొదటిసారి. ప్రభుత్వం దీని మీద మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా కమిటీని వేసింది. రైతులు చెప్పిన కారణాలు చాలా ఉన్నాయి. మురుగు కాలవలు పూడిపోయి చేలు మునగడం, 2010 చివర్లో కోతల వేళ కురిసిన వానలు, ధాన్యానికి మద్దతు ధర కూడా దక్కకపోవడం, ఎరువుల ఖర్చు. ఇవన్నీ నిజమే. వాటితో పాటు ప్రతి ఊళ్లోనూ వినబడిన మాట ఒకటుంది: కూలీలు దొరకట్లేదు, దొరికినా ఆ రేటుకు గిట్టట్లేదు.

మా బ్రాంచికి వచ్చే కౌలు రైతు ఒకాయన తన జమాఖర్చుల పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. పిల్లల పాత నోట్‌బుక్కులో మిగిలిన కాగితాల మీద రాసుకున్న లెక్క అది. ఆయన అంకెలు ఆయన సొంతం కాబట్టి వాటిని ఇక్కడ పెట్టను. అదే లెక్కను గుండ్రటి అంకెలతో మీకు చూపిస్తాను. ఎకరానికి 28 బస్తాలు పండాయనుకోండి. బస్తా 75 కిలోలు, అంటే 21 క్వింటాళ్లు. 2010లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 1,000 రూపాయలు, 2011లో 1,080. అంటే ఎకరం మీద రాబడి 21,000 నుంచి 22,680కి పెరిగింది, తేడా 1,680 రూపాయలు. ఇప్పుడు ఖర్చు చూడండి. ఆకుమడి నుంచి నూర్పిడి దాకా అన్నీ చేతి మీదే చేస్తే ఎకరానికి నలభై కూలి దినాలు పడతాయనుకుందాం. రోజు కూలి సగటున 150 నుంచి 200కి పెరిగితే అదనపు ఖర్చు 2,000. ప్రభుత్వం ఇచ్చిన పెంపు మొత్తం కూలిలోకి పోయి, ఇంకో 320 రూపాయలు ఎదురు పెట్టుకోవాలి. ఇంకా ఎరువుల సంగతికి మనం రాలేదు. ఇక కౌలు పన్నెండు బస్తాలైతే అందులో 9,720 రూపాయలు భూమి యజమానిదే. మిగిలిన 12,960లో 8,000 కూలి. మిగిలేది 4,960. దమ్ము, విత్తనం, డీఏపీ, యూరియా, పురుగుమందు, బండి కిరాయి, వడ్డీ అన్నీ దాంట్లోంచే రావాలి. మద్దతు ధర పూర్తిగా చేతికొస్తే మాట ఇది. ఆ రోజుల్లో చాలామంది అంతకన్నా తక్కువకే తెగనమ్ముకున్నారు.

పుస్తకం మూసి ఆయన అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఈ కూలి ఎవరి జేబులోంచి ఇవ్వమంటారండీ?"

మీ మొదటి ప్రశ్నకు నేనిచ్చే జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. కూలి పెరగడం దానంతట అది మాంద్యం తేదు. పెరిగిన కూలి ఏదో ఒక జేబులోంచి రావాలి. ఆ జేబు ఏదన్నదాన్ని బట్టే తర్వాత జరిగేది ఉంటుంది. పని ఇచ్చేవాడి లాభంలోంచి రావచ్చు. సరుకు కొనేవాడి దగ్గర ధర పెంచి రాబట్టవచ్చు. యంత్రం తెచ్చో, పద్ధతి మార్చో అదే మనిషి చేత ఎక్కువ పని తీసి ఇవ్వవచ్చు. భూమి కౌలు, షాపు అద్దె లాంటివి తగ్గించి ఇవ్వవచ్చు. ఇవేవీ కుదరకపోతే అప్పు తెచ్చి ఇవ్వాలి. కోనసీమ వరి రైతుకు మొదటి నాలుగు దారులూ మూసుకుపోయాయి. లాభం అప్పటికే లేదు. ధర ఆయన చేతిలో లేదు. మునిగే చేలో, ముక్కలు ముక్కలుగా ఉన్న కమతాల్లో ఆ రోజుల్లో కోత మిషన్ దిగేది కాదు. కౌలు తగ్గించమంటే యజమాని ఒప్పుకోడు. మిగిలింది అప్పు.

ఈ అప్పు సంగతి పుస్తకాల్లో సరిగ్గా కనబడదు గనుక కాస్త వివరంగా చెబుతాను. బ్యాంకు పంట రుణం ఎకరానికి ఎంత ఇవ్వాలో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఏటా నిర్ణయిస్తుంది. దాన్నే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటాం. ఆ కమిటీ కూర్చునేది సీజన్‌కు ముందు. చూసేది నిరుటి ఖర్చు లెక్కలు. కూలి నెమ్మదిగా పెరిగే రోజుల్లో ఇబ్బంది లేదు. ఒక్క సీజన్లో గబుక్కున పెరిగితే మా స్కేలు వెనకబడిపోతుంది. ఆ తేడాను రైతు చేబదులుతోనో, బంగారం కుదువ పెట్టో, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకో తెస్తాడు. కౌలు రైతుకైతే చాలాసార్లు బ్యాంకు రుణమే ఉండదు. రుణ అర్హత కార్డుల చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది కూడా ఆ 2011లోనే, అదీ కార్డు చేతికొచ్చినవాడికే. కూలీకి సాయంత్రానికి రొక్కం ఇవ్వాలి. ఎరువుల కొట్టువాడు అరువిస్తాడు గానీ ఊడ్పుల ముఠా అరువుకు రాదు. అందుకే కూలి పెరిగినప్పుడు రైతు మీద పడే దెబ్బ ఖర్చు పెరిగినంత మాత్రమే ఉండదు, ఖరీదైన అప్పు వాటా కూడా పెరుగుతుంది. ఒక పంట పోతే చాలు, మరుసటి ఏడు ఆయన మా బ్రాంచి గుమ్మం ఎక్కలేడు.

ఇక చేను బీడు పడితే ఆ దెబ్బ రైతు దగ్గరే ఆగదు. ఆ సీజన్లో మా బ్రాంచిలో ట్రాక్టర్ వాయిదాలు ఆగిపోయాయి. దమ్ములు లేవు కాబట్టి ట్రాక్టర్లకు కిరాయి లేదు. ఎరువుల కొట్లలో సరుకు కదల్లేదు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్ల పరిస్థితి. వాళ్ల పొదుపు సంఘాల ఖాతాలు మా దగ్గరే ఉండేవి. ఏ కూలి పెరిగిందని రైతులు చేతులెత్తేశారో ఆ కూలి వాళ్లకు చేరలేదు. రేటు పెరిగింది, దినాలు తగ్గాయి. రెండొందల చొప్పున పది రోజులు దొరికితే వచ్చే డబ్బు, నూటయాభై చొప్పున ఇరవై రోజులు దొరికితే వచ్చేదానికన్నా తక్కువే కదా. తెల్లవారుజామున ఆటోల్లో కిక్కిరిసి పక్క మండలాలకు పనికి వెళ్లేవాళ్లు. కొందరు రొయ్యల షెడ్లకు వెళ్లారు. సంఘం వాయిదాలు తప్పాయి. కూలి రేటు, కూలి ఆదాయం వేర్వేరు సంగతులని మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి. "కూలీలు బాగా సంపాదిస్తున్నారు" అనేవాళ్లలో ఎక్కువమంది రేటు చూసి మాట్లాడతారు, దినాలు లెక్కపెట్టరు.

అసలు కొరత ఎందుకొచ్చింది? "ఉపాధి హామీ వచ్చి జనాన్ని సోమరులను చేసింది" అని అప్పట్లో అందరూ అనేవారు. నేను ఈ మాటతో ఏకీభవించను. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. కుటుంబానికి ఏడాదికి వంద రోజుల హామీ, మన దగ్గర ఎక్కువ పనులు ఏప్రిల్ నుంచి జూన్ మధ్య ఎండాకాలంలోనే జరిగేవి. జూలై ఊడ్పులకు అది నేరుగా పోటీ అయ్యింది తక్కువ. అయితే అది ఒక పని మాత్రం చేసింది. ఆడా మగా ఇద్దరికీ ఒకే కూలి అని రాసిపెట్టింది. ఊడ్పులు, కలుపు తీత ఆడవాళ్ల పనులు. సగం కూలికి వంగి పనిచేసే అలవాటు వాళ్లు మానుకున్నారు. అది జరగాల్సిందే. దానికన్నా పెద్ద కారణం వేరే ఉంది. 2004-05 నుంచి 2011-12 మధ్య దేశం మొత్తం మీద మూడు కోట్లకు పైగా మనుషులు వ్యవసాయం వదిలి బయటి పనులకు వెళ్లారు, ముఖ్యంగా కట్టుబడి పనులకు. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు, హైదరాబాద్‌లో తాపీ పనికి వెళ్లినవాళ్లు, చదువుకుని పొలం ముఖం చూడని పిల్లలు అందరూ ఆ లెక్కలోనివాళ్లే. వాళ్లు ఎక్కువ వచ్చే చోటికి వెళ్లారు. తప్పు పట్టడానికి ఏముంది?

ఇదంతా వరి పొలం కథ, దీనికీ మాంద్యానికీ ఏం సంబంధం అనుకోవచ్చు. పెద్ద ఎత్తున జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడ జేబులు మారుతాయి.

రిచర్డ్ గుడ్విన్ అనే ఆర్థికవేత్త 1967లో ఒక నమూనా చెప్పాడు. అడవిలో జింకలు పెరిగితే పులులు పెరుగుతాయి, పులులు పెరిగితే జింకలు తగ్గుతాయి, తిండి లేక పులులు తగ్గితే మళ్లీ జింకలు పెరుగుతాయి. ఉద్యోగాలు, జీతాలు కూడా ఇలాగే తిరుగుతాయన్నాడు. వ్యాపారం బాగుంటే మనుషులు దొరకరు, జీతాలు పెరుగుతాయి. లాభం తరుగుతుంది. లాభం తరిగితే కొత్త పెట్టుబడి ఆగుతుంది. ఉద్యోగాలు తగ్గి జీతాల ఊపు చల్లారుతుంది. లాభం తేరుకుంటుంది, మళ్లీ మొదలు. ఇందులో మొదటి జేబు కథ ఉంది, అంటే లాభంలోంచి కూలి ఇవ్వడం.

దీన్ని మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి దగ్గర నుంచే చూసి ఉంటారు. 2021, 22లలో ఐటీలో మనుషుల కోసం ఎంత కొట్టుకున్నారో గుర్తుందా? ఒకే పిల్లవాడి చేతిలో నాలుగు ఆఫర్ లెటర్లు. 2022 జనవరి-మార్చి త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌లో ఉద్యోగం మానేసినవాళ్ల శాతం 27.7. క్లయింటుతో కాంట్రాక్టు రేటు ముందే కుదిరి ఉంటుంది, రేపటి నుంచి పెంచు అంటే పెంచడు. పెరిగిన జీతం లాభంలోంచే వచ్చింది, మార్జిన్లు తగ్గాయి. ఆ తర్వాత అమెరికా నుంచి వచ్చే పని కూడా మందగించేసరికి కంపెనీలు ముందు చేసిన పని ఫ్రెషర్లను ఆపడం. ఆఫర్ ఇచ్చి నెలల తరబడి జాయినింగ్ తేదీ ఇవ్వలేదని ఎంతమంది పిల్లలు ఏడ్చారో. 2023-24లో టీసీఎస్‌లో ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది. ఏటా వేలల్లో పెరుగుతూ వచ్చిన సంస్థ అది. జీతాలు పెరిగిన బ్యాచ్ ఒకటి, దానికి మూల్యం చెల్లించిన బ్యాచ్ ఇంకొకటి. పొలంలో రేటు, దినాలు అన్నాను చూడండి, ఇదీ అదే.

రెండో జేబు, అంటే కొనేవాడి మీద మోపడం, దేశాల స్థాయిలో అసలైన మాంద్యాలు తెచ్చిన దారి. ఇక్కడ మాంద్యం తెచ్చేది కూలి కాదు, కూలి భయంతో పెంచిన వడ్డీ రేటు.

అమెరికాలో 1970లలో చాలా కార్మిక సంఘాల ఒప్పందాల్లో ధరలు పెరిగిన మేరకు జీతం దానంతట అదే పెరగాలన్న షరతు ఉండేది. చమురు ధరలు రెండుసార్లు ఎగిశాయి. ధర పెరిగిందని జీతం, జీతం పెరిగిందని ధర. 1979 ఆగస్టులో పాల్ వోల్కర్ అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) పగ్గాలు పట్టాడు. 1980 మార్చికి అక్కడ ధరల పెరుగుదల 14 శాతం దాటింది. ఆయన వడ్డీ రేట్లను 20 శాతం దాకా పోనిచ్చాడు. ఇళ్లు కట్టేవాళ్లు, కార్లు కొనేవాళ్లు, అప్పు మీద నడిచే రైతులు నేలకొరిగారు. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతం. ధరలు లొంగాయి, నిజమే. లొంగదీయడానికి వాడిన ఆయుధం మాత్రం మనుషుల ఉద్యోగాలు. చమురు మొదలుపెట్టిన ధరల మంటకు పనివాళ్లు బిల్లు కట్టారని నేను అంటాను. దీన్ని ఒప్పుకోని ఆర్థికవేత్తలు చాలామంది ఉన్నారు.

అదే దేశంలో 2022లో దాదాపు అదే పరిస్థితి మళ్లీ వచ్చింది. కోవిడ్ తర్వాత చాలామంది పెద్దవాళ్లు ముందే రిటైరయ్యారు, వలసలు ఆగిపోయాయి, హోటళ్లు, గోదాములు మనిషి దొరక్క జీతాలు పెంచాయి. 2022 మార్చిలో ఖాళీ ఉద్యోగాలు కోటీ ఇరవై లక్షల దగ్గరికి చేరాయి. పని వెతుక్కునే ఒక్కో మనిషికి దాదాపు రెండు ఖాళీలన్న మాట. జూన్‌కి ధరల పెరుగుదల 9.1 శాతం. ఫెడ్ దాదాపు సున్నాలో ఉన్న వడ్డీ రేటును 2023 జూలైకల్లా 5.25-5.50 శాతానికి తీసుకెళ్లింది. దీని వల్ల కుటుంబాలకు, వ్యాపారాలకు కొంత నొప్పి తప్పదని ఫెడ్ ఛైర్మన్ జెరోమ్ పావెల్ 2022 ఆగస్టులో బహిరంగంగానే చెప్పాడు. వోల్కర్ రోజులు మళ్లీ వస్తాయని అందరం భయపడ్డాం.

కానీ మాంద్యం రాలేదు. ఇది చాలా ముఖ్యం. ఖాళీలు తగ్గాయి, జీతాల పెరుగుదల నెమ్మదించింది, ధరలు దిగాయి, నిరుద్యోగం మాత్రం పెద్దగా పెరగలేదు. ఎందుకంటే కొరతలో ఎక్కువ భాగం తాత్కాలికమైనది. వలసలు మళ్లీ మొదలయ్యాయి, సరఫరా గొలుసులు కుదుటపడ్డాయి. జీతాలకు ధరలకు మధ్య 1970ల నాటి ఆటోమేటిక్ ముడి లేదు. కాబట్టి మీరు చదివిన వాక్యాన్ని ఇనప సూత్రంలా తీసుకోవద్దు. దెబ్బ మాత్రం కొన్ని చోట్ల పడింది. వడ్డీ పెరిగేసరికి చవక డబ్బు మీద బతికిన టెక్ కంపెనీలు 2022 చివరి నుంచి వేలల్లో తీసేశాయి. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మన పిల్లలకు 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాల్సిన పరిస్థితి. మన దగ్గర రిజర్వ్ బ్యాంకు కూడా 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, అంటే రెపో రేటును, 4 నుంచి 6.5 శాతానికి పెంచింది, మీ హోమ్ లోన్ ఈఎంఐ పెరిగింది అందుకే. మన రేటు పెరగడానికి ఇక్కడి కూలి కారణం కాదు, ఉక్రెయిన్ యుద్ధం, చమురు, తిండి ధరలు. అయినా ఒహాయోలో హోటల్ సర్వర్ జీతం పెరగడానికీ, కూకట్‌పల్లిలో ఫ్రెషర్‌కు జాయినింగ్ తేదీ రాకపోవడానికీ మధ్య సన్నని దారం ఒకటుంది, అది వడ్డీ రేటు.

కొరత, కూలి రెండూ ఒకటి కావని కూడా చెప్పాలి. కూలి రూపాయి పెరగకపోయినా కొరత ఒక్కటే పనిని ఆపేయగలదు. 2020 గుర్తుచేసుకోండి. తెలంగాణలో యాసంగి ధాన్యం రాసులు కల్లాల్లో ఉన్నాయి. రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు ఎక్కువగా బిహార్ వాళ్లు, హోలీకి ఊరెళ్లి లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకుపోయారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయల్దేరితే, వారం తిరిగేసరికి బిహార్‌లోని ఖగడియా నుంచి రెండొందల మందికి పైగా హమాలీలతో ఎదురు రైలు లింగంపల్లికి వచ్చింది. దేశమంతా వలస కూలీలు ఇళ్లకు పోతున్న రోజుల్లో ఒక రాష్ట్రం రైలు వేసి మనుషులను పిలిపించుకుంది. హమాలీ లేకపోతే మిల్లు దింపుకోదు, మిల్లు దింపుకోకపోతే కొనుగోలు కేంద్రంలో లారీ కదలదు, లారీ కదలకపోతే రైతు ఖాతాలో డబ్బు పడదు. ఒక్క మెట్టు దగ్గర మనుషులు తగ్గితే గొలుసు మొత్తం ఆగిపోతుంది. జపాన్‌లో ఇదే జబ్బు నెమ్మదిగా, ఏళ్ల తరబడి నడుస్తోంది. పనిచేసే వయసువాళ్ల సంఖ్య అక్కడ 1990ల మధ్య నుంచి తగ్గుతూనే ఉంది. ఆర్డర్లుండీ మనుషులు లేక మూతబడుతున్న చిన్న కంపెనీలు ఏటా వందల్లో ఉంటున్నాయి.

ఇప్పుడు రెండో ప్రశ్న, కూలికి కళ్లెం వేయాలా అన్నది. వద్దు. ఇంగ్లండ్‌లో 1348-49 ప్లేగుకు జనంలో పెద్ద భాగం పోయి కూలీలు కరువైతే, రాజు 1349లో, పార్లమెంటు 1351లో ప్లేగుకు ముందున్న కూలే ఇవ్వాలని చట్టం చేశారు. ఎక్కువ అడిగినవాణ్ని శిక్షించారు. అయినా కూలి పెరగడం ఆగలేదు, భూస్వాములే దొంగచాటుగా ఎక్కువిచ్చి తెచ్చుకున్నారు. ఆ కోపం కూడా తోడై 1381లో రైతులు తిరగబడ్డారు. మన ఊళ్లలో కూడా పెద్దలు కూర్చుని "ఇంతకు మించి ఇవ్వకూడదు" అని కట్టుబాటు పెట్టడం నేను చూశాను. పదిరోజులు నిలబడదు. చేను ముదిరిపోతున్నవాడు రాత్రికి రాత్రే ముఠా మేస్త్రి ఇంటికి వెళ్లి ఇంకో ఇరవై ఎక్కువిస్తానంటాడు.

కళ్లెం వద్దనడానికి ఇంకో కారణం ఉంది, నాకు అదే పెద్దది. ఒకరికి ఖర్చయిన కూలి ఇంకొకరికి ఆదాయం. 2007-08 నుంచి 2012-13 దాకా పల్లెల్లో నిజ కూలి, అంటే ధరల పెరుగుదల తీసేశాక మిగిలే కూలి, వేగంగా పెరిగింది. టీవీలు, మోటార్ సైకిళ్లు, పిల్లలకు కాన్వెంటు ఫీజులు అన్నీ ఆ డబ్బే. 2014 తర్వాత ఆ పెరుగుదల దాదాపు ఆగిపోయింది. 2019కి వచ్చేసరికి జనం ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కొనడానికి కూడా వెనకాడుతున్నారని బ్రిటానియా బిస్కెట్ కంపెనీ మొత్తుకుంది. కూలి పెరిగితే ఒక రకం మాంద్యం రావచ్చు, పెరగకపోతే ఇంకో రకం మాంద్యం తప్పకుండా వస్తుంది. రెండిట్లో నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను. దాన్ని యంత్రంతో, ధరతో, రుణంతో సరిదిద్దుకోవచ్చు. జనం చేతిలో డబ్బే లేనప్పుడు సరిదిద్దుకోవడానికి ఏ పట్టూ దొరకదు.

ప్రభుత్వం చేయాల్సింది కూలీ వైపు చూడటం మాని మిగతా జేబుల వైపు చూడటం. స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ లెక్క అప్పటి కూలితో కట్టాలి. కౌలు రైతుకు కార్డుతో పాటు రుణం కూడా అందాలి. మద్దతు ధర కాగితం మీద కాక కల్లంలో దక్కాలి. మురుగు కాలవలు బాగుచేస్తే మిషన్ చేలోకి దిగుతుంది. కోనసీమలో తర్వాతి ఏళ్లలో కాస్త ఊపిరి వచ్చింది చైన్ల మీద నడిచే కోత మిషన్లు రావడం వల్ల. ఇంకో వైపు చాలా భూమి రొయ్యల చెరువులైపోయింది, చెరువుకు వరికన్నా తక్కువ మనుషులు చాలు. అది పరిష్కారమని నేను అనలేను. చెరువు పక్క చేను ఉప్పుబారిపోవడం నా కళ్లతో చూశాను.

యంత్రం అన్ని పంటలకూ దిక్కు కాదు. పత్తి తీత, మిరప కోత ఇప్పటికీ మన దగ్గర చేతి మీదే. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికని, అంటే కోతల కాలపు వలస పనికని, గుంటూరు వైపు మిరప చేలకు వస్తాయి. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల లెక్కన జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. కోత కూలి మాత్రం తగ్గదు, తగ్గితే అంత దూరం నుంచి ఎవరు వస్తారు? ఆఖరి కోతల కాయ కూలి కూడా రాబట్టదని తేలితే రైతు చేలోనే వదిలేస్తాడు. అక్కడితో ఆ కుటుంబాల సుగ్గి ముగిసినట్టే, గుంటూరు ధర పడితే కోసిగిలో పొయ్యి చల్లబడుతుంది.

మీ నాన్నగారి సంగతి. మూడెకరాల కౌలు వదలాలా వద్దా అన్నది కూలి రేటు చూసి తేల్చకండి. ఈ ఆదివారం ఊరెళ్లి ఆయనతో కూర్చుని ఒక్క ఎకరం లెక్క రాయండి. మీ చేలోకి కోత మిషన్ దిగుతుందా? ఊడ్పులు మాని వెదజల్లడానికో, డ్రమ్ సీడర్‌తో వేయడానికో మీ నేల, నీరు అనుకూలిస్తాయా? వెదజల్లితే ఊడ్పుల కూలి చాలా మిగులుతుంది, కలుపు మాత్రం ఎక్కువ వస్తుంది, ఆ మందు ఖర్చు కూడా రాయండి. కౌలు ఎన్ని బస్తాలు? ఆ యజమానితో మాట్లాడి రెండు మూడు బస్తాలు తగ్గించమని అడగండి. చేను బీడు పడితే ఆయనకు వచ్చేది సున్నా కాబట్టి మీ నాన్నగారు అనుకునేదానికన్నా మాట చెల్లుతుంది. కౌలు మీరే తగ్గించమని అడగాలి, పెద్దాయన మొహమాటపడతారు. చివరిగా, పెట్టుబడిలో ఎంత భాగం బ్యాంకు నుంచి, ఎంత బయటి వడ్డీకి తెస్తున్నారో విడివిడిగా రాయండి. కూలి డబ్బులు బయటి వడ్డీకి తెచ్చే పరిస్థితి ఉండి, మిషన్ దిగక, కౌలు తగ్గకపోతే ఆ మూడెకరాలు ఈ ఏడు వదిలేయమనే చెబుతాను. మూడిట్లో ఏ ఒక్కటి కుదిరినా చేయవచ్చు. సొంత రెండెకరాలు మాత్రం బీడు పెట్టవద్దు.

ఆ కాగితం ఫొటో తీసి, ఊరు పేరు, మనుషుల పేర్లు లేకుండా ఇక్కడే కింద పెట్టండి. నేల ఎర్రదా నల్లదా, నీరు కాలవదా బోరుదా అన్నది కూడా రాయండి. చూసి ఎకరానికి ఎంత వరకు కూలి భరించగలరో లెక్కగట్టి చెబుతాను.